నీళ్ళ మీద తేలిన ముక్క

"వేలెడంత గాజుముక్క కనబడలేదని డిటెక్టివ్‌ని పెట్టుకున్న పేషెంటుని నా సర్వీసులో ఇదే చూడటం," అన్నాడు మీసాలాయన.

ఆయన ఈ ఆసుపత్రికి విజిలెన్స్ ఆఫీసరు. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై ఇక్కడ చేరాడు. ఒంటి మీద యూనిఫాం పోయింది గానీ మీసం మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. ల్యాబ్ తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఆ గాజుముక్కని నమ్మే రేపు పొద్దున ఒకమ్మాయి గర్భసంచి తీసేస్తున్నారు సార్," అన్నాను. "ఇంకో డాక్టరుకి చూపించుకుంటాను ఇవ్వండి అంటే పోయింది అంటున్నారు. మీ ఇంట్లో ఆడపిల్లకైతే ఊరుకుంటారా?"

"మా ఇంటి సంగతి ఎందుకులే. తీసిందెవరో నాకు తెలుసు. సాయంత్రానికల్లా ఒప్పిస్తా. నువ్వు ఇంటికెళ్ళి పిల్లని చూసుకో."

"ఎవరు తీశారు?"

"టెక్నీషియన్. ఆ అమ్మాయి మొగుడు క్యాంటీన్‌లో వాడితో మాట్లాడటం నేను కళ్ళారా చూశా. స్లైడు మాయం చేయించి, ఆసుపత్రివాళ్ళే పోగొట్టారని కేసు వేద్దామని ప్లాను."

"అతను స్లైడు ఎక్కడుందో చెప్పండయ్యా అని కనబడినవాళ్ళందరినీ బతిమాలుతున్నాడు. లిఫ్టు దగ్గరుండే మనిషిని కూడా అడిగాడు. ఆయన్ని కూడా లోపలెయ్యండి మరి."

"పదో తరగతి దాటని డిటెక్టివ్‌కి నోరు మాత్రం పెద్ద చదువులే చదివింది," అని మీసం కింద నవ్వుకున్నాడు. "నీకు చీమ అని ఊరికే పేరు పెట్టలేదు. ఎక్కడ సందుంటే అక్కడ దూరతావు."

"చక్కెర ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళాలి కద సార్. కుర్చీ వేసుకుని కూర్చుంటే మన దగ్గరికి రాదు."

ఆయన నవ్వు ఆగింది. కుర్చీ మాత్రం జరగలేదు.

స్లైడు పోగొట్టుకున్న అమ్మాయి మా వీధి చివర బట్టలు కుట్టుకుంటుంది. మా పాపకి స్కూలు గౌన్లు కుట్టేది ఆమే. పాతికేళ్ళు దాటి ఎంతో కాలేదు. ఒక్కడే కొడుకు, వాడికింకా పాలపళ్ళు ఊడలేదు. నెలనెలా బకెట్లకి బకెట్లు రక్తం పోతుంటే స్కాన్ తీయించుకుంది. గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. ఫైబ్రాయిడ్ అన్నారు. ఎందరో ఆడవాళ్ళకి ఉండేదే, ప్రాణానికేం భయం లేదు, గడ్డ మాత్రం తీసేసి గర్భసంచి ఉంచేస్తాం, తర్వాత ఇంకో బిడ్డని కనొచ్చు అన్నారు. తీశారు. తీసిన గడ్డని ల్యాబ్‌కి పంపారు. ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టులో క్యాన్సర్ అని ఉంది. అదీ ఆ వయసులో వేలమందిలో ఏ ఒక్కరికో వచ్చే రకం.

ఆమెని ఈ ఆసుపత్రికి పంపింది నేనే. ఇక్కడి ల్యాబ్‌కి పెద్ద డాక్టరు మా అక్క. మాకు అమ్మానాన్నా పోయినప్పుడు ఇద్దర్లో ఒక్కరికే చదువు సాగేట్టుంది. అక్క చదివింది, నేను పనికి పోయాను. దానికి నాకెప్పుడూ బాధ లేదు. మా అక్క డాక్టరు అని చెప్పుకోవడంలో సగం డిగ్రీ నాదే అనిపించేది.

నాకూ అలాంటి గడ్డే ఉంటే, టైలరమ్మాయికి చేసిన రోజునే నాకూ తీశారు. నాకు పొట్ట మీద మూడు చిన్న చిల్లులు. ఆమెకి అడ్డంగా పెద్ద కోత. "అక్క డాక్టరైతే చిల్లులు, అక్క లేనివాళ్ళకి కోతలు," అని నన్ను ఎగతాళి చేసేది. నా గడ్డని అక్కే స్వయంగా చూసి, ఏమీ లేదు, మామూలు ఫైబ్రాయిడే అని ఫోన్లో చెప్పింది. ఆ రోజు టైలరమ్మాయి మా ఇంటికి పూలు పట్టుకొచ్చింది. తర్వాత ఆమె రిపోర్టు వచ్చినప్పుడు నేను ఏం పట్టుకెళ్ళాలో తెలియలేదు.

"స్లైడు తెచ్చి పెట్టు అక్కా," అంది నన్ను పట్టుకుని. "వేరే డాక్టరు చూసి కూడా క్యాన్సరే అంటే నోరు మూసుకుని బల్లెక్కుతాను. చూడకుండా మాత్రం ఎక్కలేను."

లోపలి నుంచి అక్క తలుపు తీసింది. తెల్లకోటు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. "ఆవిడ మా చెల్లెలు. రానివ్వండి," అంది మీసాలాయనతో.

"అక్కగారి ల్యాబు, చెల్లెలుగారి దర్యాప్తు. బాగానే ఉంది," అని ఆయన కుర్చీ పక్కకి లాగాడు.

అక్క గదిలో నా చేతిసంచి బల్ల మీద పెట్టబోయాను. అక్కడున్న కళ్ళజోడు పెట్టె అడ్డొచ్చింది. అక్క గబుక్కున దాన్ని తీసి కోటు జేబులో వేసుకుంది.

"సరిగా తింటున్నావా? కుట్ల దగ్గర నొప్పేమైనా ఉందా?" అంది.

"నా సంగతి తర్వాత. స్లైడు ఆఖరున ఎవరి చేతిలో ఉంది?"

"చిన్న డాక్టరు చూసింది, నేను చూశాను, అలమరలో పెట్టాం. అంతే. ఎవరో ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటారు. గాజు కదా, పగిలినా పగిలి ఉంటుంది."

"ఆ అమ్మాయికి క్యాన్సర్ ఖాయమేనా?"

అక్క కళ్ళు నులుముకుంది. "చెల్లీ, ఫైబ్రాయిడైనా క్యాన్సర్ గడ్డైనా బయటికి ఒకేలా ఉంటాయి. అదే రక్తం పోవడం, అదే నొప్పి. స్కాన్‌లో కూడా చాలాసార్లు తేడా దొరకదు. వయసులో ఉన్నవాళ్ళకి వచ్చేవి దాదాపు అన్నీ ఫైబ్రాయిడ్లే కాబట్టి ఎవరూ అనుమానించరు. గడ్డ తీశాక మైక్రోస్కోపు కింద పెడితేనే తెలుస్తుంది. కణాల ఆకారం వికారంగా ఉందా, మరీ ఎక్కువగా చీలుతున్నాయా, మధ్యలో చచ్చిపోయిన కణాల మచ్చలు ఉన్నాయా అని చూస్తాం. ఆమె స్లైడులో మూడూ ఉన్నాయి."

"గడ్డని మైనంలో పెట్టి దిమ్మ కట్టి ఉంచుతారని నువ్వే చెప్పేదానివి. ఆ దిమ్మ నుంచి ఇంకో పొర కోసి ఇవ్వొచ్చుగా?"

"దిమ్మ తరిగిపోయింది. ఏమీ మిగల్లేదు."

చెబుతూ నా వైపు చూడలేదు. మా పాప చాక్లెట్ తిని తినలేదని చెప్పేటప్పుడు కూడా అలాగే కిటికీ వైపు చూస్తుంది. అలిసిపోయి ఉంటుందిలే అని సర్దుకున్నాను. సొంత మనిషి మీద అనుమానం రావడానికి కూడా సిగ్గేస్తుంది.

చిన్న డాక్టరు పక్క గదిలో ఉంది. రిపోర్టు మొదట రాసింది ఆమే. చేరి ఏడాది కాలేదు. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"నేను తప్పు రాయలేదు మేడమ్. పెద్ద డాక్టరుగారికి చూపించే రాశాను."

"తప్పని ఎవరన్నారమ్మా? స్లైడు ఎలా ఉందో చెప్పు చాలు."

ఆమె సెల్‌ఫోన్ తీసింది. "ఇలాంటి కేసు నేనెప్పుడూ చూడలేదు. అందుకని మైక్రోస్కోపు గొట్టం దగ్గర ఫోన్ పెట్టి ఫొటోలు తీసుకున్నాను. పేరు ఏమీ పడలేదు. తీయకూడదని తెలుసు."

"స్లైడే దొరకని చోట ఫొటో తీశావని నేను తిడతానా? చూపించు."

రెండు ఫొటోలు. గులాబీ, ఊదా రంగులు. మొదటి దాంట్లో దువ్విన జుట్టులా తీరుగా పడుకున్న పోగులు, కింద ఓ మూల వాటి అంచున చిన్న ముక్క. ఆ ముక్క మసకగా ఉంది. రెండో ఫొటోలో ఆ ముక్క స్పష్టంగా ఉంది. చిందరవందరగా, సైజుకొకటిగా ముదురు చుక్కలు. ఇప్పుడు తీరైన పోగులు మసకబారాయి.

"నీ చెయ్యి వణికిందా?"

"లేదు. రెండూ ఒకేసారి స్పష్టంగా రాలేదు. ఒకటి చూడాలంటే ఫోకస్ మర తిప్పాలి, ఇంకోటి చూడాలంటే మళ్ళీ తిప్పాలి."

"ఒకే గాజు మీద పరిచిన ఒకే పొర కదా. అలా ఎందుకవుతుంది?"

చిన్న డాక్టరు ఫోన్ తీసుకుని ఫొటోని పెద్దది చేసింది, చిన్నది చేసింది.

"ఒకే పొర అయితే అవదు," అంది మెల్లగా. "ఒకదాని మీద ఒకటి ఉంటే అవుతుంది. నేను... నేను క్యాన్సర్ చూశానన్న కంగారులో అది ఆలోచించలేదు."

"మీ పెద్ద డాక్టరు ఆలోచించలేదా?"

"ఆవిడ చాలాసేపు చూశారు మేడమ్. అంతసేపు చూడటం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళజోడు తీసేసి కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నీళ్ళివ్వనా అంటే వద్దన్నారు. లేచి టెక్నీషియన్ దగ్గరికెళ్ళి ఏదో అడిగొచ్చారు. తర్వాత, నువ్వు చూసింది కరెక్టే, రిపోర్టు పంపించెయ్ అన్నారు."

టెక్నీషియన్ దిమ్మలు కోసే గదిలో స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. మీసాలాయన పొద్దుటి నుంచి చేసిన విచారణకి చొక్కా తడిసిపోయింది.

"నేను తీయలేదమ్మా. పిల్లల మీద ఒట్టు."

"మీరు తీశారని నేననుకోవడం లేదు. టైలరమ్మాయి దిమ్మ అయిపోయిందా?"

"అయిపోవడమేంటి?" అని లేచి సొరుగు లాగాడు. చిన్న సబ్బుబిళ్ళంత మైనం దిమ్మ తీసి నా అరచేతిలో పెట్టాడు. మధ్యలో తెల్లటి కండముక్క. పైన నున్నగా ఒకసారి చెక్కినట్టుంది, అంతే. దాదాపు నిండుగా ఉంది.

అక్క అబద్ధమాడింది. నాతో.

చిన్నప్పుడు జ్వరమొస్తే మందు తియ్యగా ఉంటుందని చెప్పేది, చేదుగా ఉండేది. అలాంటివి తప్ప నాకు తెలిసి మా అక్క నాతో అబద్ధమాడలేదు. దిమ్మ నా చేతిలో చల్లగా ఉంది. దాన్ని వెంటనే టెక్నీషియన్‌కి ఇచ్చేశాను.

"కొయ్యండి. నేను చూస్తుంటాను."

"ఏయ్ చీమా!" మీసాలాయన లోపలికొచ్చాడు. "నా అనుమానితుడి చేతికి మళ్ళీ మిషనిస్తావా? సాక్ష్యం పాడు చేస్తాడు. ఈ గది సీలు వేస్తున్నాను, అందరూ బయటికి నడవండి."

"సాక్ష్యం పాడు చేసేవాడైతే ఈ దిమ్మని ఎప్పుడో చెత్తబుట్టలో వేసేవాడు. ఇది సొరుగులో ఉందని మీకు తెలుసా?"

ఆయన దిమ్మ వైపు చూశాడు. "లేదన్నారే."

"ఎవరన్నారు?"

"పెద్ద డాక్టరు."

"నాతోనూ ఆవిడే అంది. సార్, మీరు మనుషుల్ని అరిచి ఒప్పిస్తారు. ఒక గంట అరవకుండా నిలబడండి. ఏమీ దొరక్కపోతే మీరే నన్ను గేటు దాకా దింపి రండి."

"చెయ్యి పట్టుకుని దింపుతా," అన్నాడు. కానీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

టెక్నీషియన్ దిమ్మని మిషనుకి బిగించి చక్రం తిప్పాడు. కత్తి మీద నుంచి ఉల్లిపొర కన్నా పల్చటి రిబ్బను జారింది. దాన్ని కుంచెతో అందుకుని పక్కన గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో వదిలాడు. ముడతలన్నీ విప్పుకుని పాల మీద మీగడలా పరుచుకుంది. దాని కింద గాజు పలకని ముంచి పైకెత్తాడు. పొర గాజుకి అంటుకుని వచ్చింది.

తొట్టిలోకి వంగి చూశాను. పొర తీసేసినా నీళ్ళ మీద కంటికి ఆనీ ఆననంత పిసరు ఒకటి తిరుగుతోంది.

"అదేంటి?"

"అంచు తెగి మిగిలిందమ్మా. మెత్తటి కాగితంతో నీళ్ళ పైన ఒకసారి తుడిచేస్తాం. అప్పుడుగానీ ఇంకో దిమ్మ కోయకూడదు."

"తుడవకుండా కోస్తే?"

ఆయన కాగితం తీసి నీళ్ళ మీద పరిచి ఎత్తాడు. ఆ చేతులు చూస్తే తెలిసింది, ఈ మాట కోసమే ఇన్ని రోజులుగా భయపడుతున్నాడని.

"ఆ రోజు తుడవలేదు కదూ?"

"పెద్ద డాక్టరమ్మగారు తలుపు దగ్గరే నిలబడి తొందరపెట్టారమ్మా," అన్నాడు. "అర్జెంటు, ముందు ఇది కొయ్యి అని ఒక దిమ్మ ఆవిడే తెచ్చారు. అది కోసి, గాజు ఆవిడ చేతిలో పెట్టి, ఆ కంగారులోనే టైలరమ్మాయిది ఎక్కించాను. తుడిచానో లేదో ఆ రోజు తెలీలేదు. మర్నాడు ఆవిడొచ్చి, దీనికి ముందు ఏది కోశావని అడిగారు. మీరు తెచ్చిన దిమ్మేనండీ అన్నాను. అప్పుడు అర్థమైంది. ఎవరితోనూ అనొద్దు, నీ ఉద్యోగానికే ముప్పు అన్నారు."

మీసాలాయన గోడ వదిలి ముందుకొచ్చాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆ అర్జెంటు దిమ్మ ఎవరిది?"

"తెలీదమ్మా. నంబరు లేదు. రూలు ప్రకారం నంబరు లేనిది నేను కోయకూడదు. గాజు అంచున ఆవిడే పెన్సిల్‌తో ఏదో రాసుకున్నారు. గడ్డ మాత్రం మొత్తంగా రాలేదు. డబ్బాలో పొడుగు పొడుగు పేలికల్లా వచ్చింది. చిల్లుల ఆపరేషన్లలో అలాగే వస్తుంది. లోపలే మిషనుతో కోసి లాగుతారు కదా."

నా చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. దించేశాను. ఆ రోజు చిల్లుల ఆపరేషన్లు ఇంకెన్ని జరిగి ఉంటాయో అనుకున్నాను. చాలా జరిగి ఉంటాయి. పెద్ద ఆసుపత్రి ఇది.

కొత్త గాజులకి రంగు పట్టించి, ఆరబెట్టి, చిన్న డాక్టరు ముందు పెట్టారు. దిమ్మలో పైన, మధ్యలో, అడుగున, మూడు లోతుల్లో కోసినవి. ఆమె ఒక్కొక్కటీ అంచు నుంచి అంచు దాకా చూసింది. మేం ముగ్గురం ఆమె వీపునే చూస్తూ నిలబడ్డాం. మీసాలాయన కూడా మీసం తిప్పడం మానేశాడు.

"లేదు," అంది ఆమె. కుర్చీ తిప్పి మా వైపు చూసి మళ్ళీ అంది. "ఈమెకి క్యాన్సర్ లేదు. మొత్తం మామూలు ఫైబ్రాయిడే. నేను చూసిన ముక్క ఈమెది కాదు. నీళ్ళ మీద తేలుతూ వచ్చి అంటుకుంది." ఏడుపు ఆపుకుంటూ, "ఆవిడకి పిల్లలున్నారా మేడమ్?" అని అడిగింది.

"ఒక్కడే. ఇంకో బిడ్డ కావాలని ఉంది."

"మరి ఆ ముక్క ఎవరిదో?" అన్నాడు మీసాలాయన. "ఆ మనిషి తనకేమీ లేదనుకుని తిరుగుతూ ఉంటుందిగా!"

"డాక్టరమ్మా," అన్నాను. "క్యాన్సర్ అని తెలియక, ఆ చిల్లుల ఆపరేషన్‌తో లోపలే కోసేస్తే ఏమవుతుంది?"

"సంచిలో పెట్టి కోస్తే కొంత నయం. కడుపులోకి ఒక ప్లాస్టిక్ సంచి దింపి, గడ్డని అందులో వేసి కోస్తారు. సంచి లేకుండా కోస్తే ముక్కలు ఎగిరి కడుపంతా పడతాయి. ఫైబ్రాయిడైతే పెద్ద ప్రమాదం లేదు. క్యాన్సరైతే... విత్తనాలు చల్లినట్టే."

నేను అక్క గదికి వెళ్ళాను. గదిలో ఎవరూ లేరు. కుళాయి దగ్గర నీళ్ళ చప్పుడు వినబడుతోంది. కోటు కుర్చీకి వేలాడుతోంది.

ఇక్కడ నేను డిటెక్టివ్‌గా ఆలోచించింది ఒక్కటే. మా అక్క కళ్ళజోడు ఎప్పుడూ మెడలో గొలుసుకే ఉంటుంది. కాలేజీ రోజుల నుంచీ అంతే. ఆ గొలుసు కొనిచ్చింది నేనే. గొలుసున్న మనిషికి కళ్ళజోడు పెట్టె ఎందుకు?

జేబులోంచి తీసి తెరిచాను. లోపల దూది పరిచి ఉంది. దూది మీద రెండు గాజు పలకలు. ఒకదాని మీద టైలరమ్మాయి నంబరు. రెండోదాని మీద నంబరు లేదు. గరుకు అంచున పెన్సిల్‌తో, నేను గుర్తుపట్టగలిగే గుండ్రటి అక్షరాలతో ఒక్క మాట.

చెల్లి.

కుళాయి ఆగింది. అక్క తడి చేతులతో గుమ్మంలో నిలబడింది. నా చేతిలో పెట్టె చూసింది. పారిపోలేదు, అరవలేదు. తలుపు వేసి గడియ పెట్టబోయింది.

"తీసే ఉంచు," అన్నాను.

"చెల్లీ, నేను చెప్పేది విను."

"మామూలు ఫైబ్రాయిడే అని ఫోన్ చేసి చెప్పావు. పాపకి స్పీకర్‌లో వినిపించావు. అమ్మకి ఏం లేదురా అన్నావు."

"అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను!" అక్క కుర్చీ పట్టుకుంది. "నీ స్లైడులో కణాలు వికారంగా ఉన్నాయి. చూశాను. కానీ వికారంగా ఉండి కూడా ఏ హానీ చెయ్యని గడ్డలు ఉంటాయి. పుస్తకాల్లో ఉంది, నేనే చూశాను కూడా. అదే అయ్యుంటుందనుకున్నాను. అదే అవ్వాలనుకున్నాను. చీలే కణాలు లెక్కపెట్టాలి, పూర్తిగా పెట్టలేదు. ఇంకోళ్ళకి చూపించాలి, చూపించలేదు. నీది కదా, నేనే చూసుకుంటానులే అనుకున్నాను."

"తర్వాత?"

"మర్నాడు చిన్న డాక్టరు ఈ ముక్క చూపించింది. ఎవరిదో తెలియకుండా చూశాను. చూసిన మరుక్షణం క్యాన్సరే అని తెలిసిపోయింది. ఆ తర్వాతే ఈ ముక్క ఎక్కడో చూశాననిపించింది." మొహం తడిచేతుల్లో దాచుకుంది. "నీ గాజు మీద ఉన్నంతసేపూ నాకు నువ్వే కనిపించావు. ఆమె గాజు మీద చూసేసరికి జబ్బు కనిపించింది."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? నా సొంత చెల్లెలి గడ్డ నేను చూడకూడదు. నంబరు లేకుండా కోయించాను. తప్పు చదివాను. నా పని పోతుంది. నీకు మెల్లగా చెప్పి, వేరే ఊళ్ళో చూపిద్దామనుకున్నాను. వచ్చే నెల స్కాన్ తీయిద్దామనుకున్నాను..."

"వచ్చే నెల! ఆ అమ్మాయికి మాత్రం రేపు పొద్దునే. నోరు మూసుకుని ఆమె గర్భసంచి తీయించేద్దామనుకున్నావా?"

"తీశాక అందులో ఏమీ కనబడదు. మంచిదే అయింది, మొదటిసారే మొత్తం పోయింది అంటాం. ఆమె సంతోషంగా ఇంటికెళ్తుంది."

అంత ప్రశాంతంగా ఆ మాట అన్న మనిషి నన్ను పెంచిన మనిషేనా అని చూశాను. అవును, ఆమే. నేను బళ్ళో కూర్చోవాల్సిన వయసులో ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుని ఈ కళ్ళకి పుస్తకాలు కొనిపెట్టాను. ఆ కళ్ళు అన్నీ చూసి కూడా పెట్టెలో పెట్టి మూసేశాయి.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అన్నాను. "నాకు సంచిలో పెట్టి కోశారా?"

అక్క కిటికీ వైపు చూసింది.

"ఇటు చూసి చెప్పు."

"సంచి పెడితే ఆలస్యమవుతుందన్నాడు సర్జన్," అంది. మాటలు ఒక్కొక్కటే రాలాయి. "కోత పెట్టి మొత్తంగా తీద్దామా అని కూడా అడిగాడు. నేనే వద్దన్నాను. చిన్న పిల్ల తల్లి, ఎన్ని రోజులు మంచంలో ఉంటుంది, తొందరగా ఇంటికెళ్ళాలి అన్నాను. ఆ వయసులో క్యాన్సరేంటి, ఫైబ్రాయిడే, కానిచ్చెయ్ అన్నాను."

నా మూడు చిల్లులు. ఎగతాళి పట్టించుకోకుండా నేను గొప్పగా చూపించుకున్న మూడు చిల్లులు.

పెట్టె మూసి బయటికి నడిచాను. అక్క వెనకాలే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క రోజు ఆగు. రేపు నేనే ఒప్పుకుంటాను. ముందు నిన్ను ఎక్కడ చేర్పించాలో చూడనీ. నేను లేకుండా నీకు ఎవరున్నారు?"

ఆ మాట నిజం. నాకు ఈ ఆసుపత్రిలో అందరూ మా అక్క మనుషులే. ఒక్క మీసాలాయన తప్ప.

వరండాలో మీసాలాయన ముందు ఆగి పెట్టె ఆయన చేతిలో పెట్టాను. "మీ గాజుముక్క సార్. రేపటి ఆపరేషన్ ఆపించండి. ఇప్పుడే, నా ఎదురుగా."

ఆయన పెట్టె తెరిచి, నంబరు చూసి, సర్జన్‌కి ఫోన్ కలిపాడు. పోలీసు గొంతుతో నాలుగే మాటలన్నాడు. చిన్న డాక్టరు ఫోన్ అందుకుని మిగతాది చెప్పింది. అక్క గుమ్మం దగ్గర గొలుసు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

"రెండోది ఎవరిది?" అని మీసాలాయన గాజుని వెలుతురుకి ఎత్తాడు. "చెల్లి అని ఉంది. ఎవరి చెల్లి?"

ఆయన అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు. మెల్లగా గాజుని దూదిలో పెట్టి మూత వేశాడు. తలుపు దగ్గరున్న తన కుర్చీ తెచ్చి నా వెనక వేశాడు.

"కూర్చో అమ్మా," అన్నాడు. పొద్దుటి నుంచి ఆయన నన్ను అలా పిలవడం అదే మొదటిసారి.

కూర్చున్నాక ఫోన్ మోగింది. టైలరమ్మాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"అక్కా! నాకు లేదటగా! ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు. రేపు రానక్కర్లేదట! ఎవరిదో ముక్క పొరపాటున తగిలిందట. మావాడు ఎగురుతున్నాడు, వాడికేమీ తెలీదు, నేను ఎగురుతున్నానని ఎగురుతున్నాడు. అక్కా, నీకు జన్మంతా బట్టలు కుట్టి పెడతాను."

"సరేలే. ముందు అన్నం తిను," అన్నాను.

వెనక వాళ్ళబ్బాయి కేకలు వినబడుతున్నాయి.

"ఆ ముక్క ఎవరిదో పాపం," అంది గొంతు తగ్గించి. "ఆవిడకీ పిల్లలుంటారేమో కదక్కా. ఆవిడకి చెప్పారా?"

గుమ్మంలో ఉన్న మా అక్క నా నోటి వైపే చూస్తోంది.

"చెప్పారు," అన్నాను. "ఇప్పుడే చెప్పారు."